ఆస్నిమార్ ఏరిన పెల్లెట్లు

ఆస్నిమార్ కొట్టు మా సంత వీధిలో చిట్టచివరిది. గేలాలు, నైలాన్ తాడు, గాలి తుపాకులకు వేసే రబ్బరు వాషర్లు, పెల్లెట్లు. అమ్మేవి అంతే. ఊళ్ళో అందరూ ఆమెను ‘ఉనీ’ అంటారు, అక్కా అన్నట్టుగా. ఆమె కంటే పదేళ్ళు పెద్దవాణ్ణి, సురావులో, అంటే మా ఊరి చిన్న నమాజు మందిరంలో, దీపాలు, చాపలు చూసుకునేవాణ్ణి, నేనూ అలాగే పిలుస్తాను. ఆవిడ మనిషి అలాంటిది.

ఎవరైనా వచ్చి “ఉనీ, ఒక డబ్బా పెల్లెట్లు” అంటే ఆవిడ డబ్బా తియ్యదు. “తుపాకి ఏదీ?” అంటుంది.

“ఇంట్లో ఉంది.”

“కాళ్ళు ఇంట్లో పెట్టి చెప్పులు కొందామని వచ్చావా? వెళ్ళి తీసుకురా.”

తెచ్చాక కొట్టు వెనక కొబ్బరి ఎండబెట్టే కళ్ళంలోకి తీసుకెళ్ళి, ఇసుక సంచి మీద తుపాకి ఆనించి, ముప్పై అడుగుల దూరంలో కాగితం కట్టి, ఒక్కో రకం పెల్లెట్లు ఐదేసి కాల్పిస్తుంది. ఏ రకం చిల్లులు దగ్గర దగ్గరగా పడితే ఆ రకమే అమ్ముతుంది. అది అన్నిటికంటే చవకదైనా సరే, “దీనికి ఇదే నచ్చింది, ఎక్కువ పెట్టకు” అంటుంది. ఒకే వాడి చేతి కింద, ఒకే వారంలో తయారైన రెండు తుపాకులు కూడా ఒకే పెల్లెట్‌ని ఇష్టపడవని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాం.

ఈ విద్య తండ్రి నుంచి వచ్చింది. ఆయన తుపాకులు బాగుచేసేవాడు. ఆయన పోయాక ఆకురాళ్ళూ పట్టుకార్లూ ఎవరెవరో పట్టుకుపోయారు. ఆస్నిమార్ మాత్రం పాత కిటికీ గాజు పలక ఒకటి అడిగి తీసుకుంది. దాన్ని కాస్త వాలుగా పెట్టి పెల్లెట్లు ఒక్కొక్కటే దొర్లిస్తుంది. పెల్లెట్ అంటే పెసరగింజ కంటే కాస్త పెద్ద సీసపు బొమ్మ. పైన తల, మధ్యలో సన్నటి నడుము, కింద విచ్చుకున్న పావడా. తల కంటే పావడా వెడల్పు కాబట్టి తిన్నగా దొర్లదు, కొడవలిలా వంపు తిరుగుతుంది. మంచివన్నీ ఒకే వంపు తిరిగి ఒకేచోటికి చేరతాయి. పావడా అంచు నొక్కుకుపోయింది మాత్రం కుంటుతూ వేరే దారి పడుతుంది. గాజు మీద కుంటేది గాలిలో తిన్నగా పోతుందా? దాన్ని తీసి పక్కన రేకు డబ్బాలో పడేస్తుంది. ఆ డబ్బా నిండాక సముద్రం మీదికి వెళ్ళే ముసలివాళ్ళకు గేలపు తాడుకి బరువులు కట్టుకోమని ఊరికే ఇచ్చేస్తుంది. ఇలా ఇస్తున్నానని ఎవరితోనూ అనగా నేను వినలేదు. పుచ్చుకున్నవాళ్ళు చెబితే తెలిసింది.

ఇంకొక సంగతి. ఆవిడ కాగితం మీద తప్ప దేని మీదా తుపాకి ఎక్కుపెట్టలేదు. ప్రాణమున్నదాన్ని ఒక్కదాన్నీ కొట్టలేదు. మోటారు సైకిళ్ళు బాగుచేసే యుల్‌హెంద్రి దీని మీద ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు. “ఉనీ, మీరు చేప ముట్టని వంటమనిషి. పులుసు ఉప్పగా ఉందో చప్పగా ఉందో మాకు చెప్తారు!”

“తినేవాళ్ళ మొహం చూస్తే తెలీదా తమ్ముడూ,” అనేది ఆవిడ, పెల్లెట్లు దొర్లిస్తూనే.

ఆ ఏడాది కొబ్బరి తోటల మీద ఎర్రపొట్ట ఉడుతలు విరుచుకుపడ్డాయి. ఉడుత అంటే అరచేతిలో పట్టేది కాదు. తోకతో కలిపి మూరెడు. లేత బొండానికి గుండ్రంగా కన్నం పెట్టి, నీళ్ళు తాగి, లోపలి మీగడ గోకి తిని, ఇంకో బొండానికి వెళుతుంది. పొద్దున్నే తోటలోకి వెళితే కాళ్ళకు తగిలేవి చిల్లు బొండాలే. అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తిన్నది ఆస్నిమార్ తల్లి తరపు తోట. మా దగ్గర తోట తల్లి నుంచి కూతురికి వస్తుంది, దాని మంచిచెడ్డలు మాత్రం ఇంటి మగవాడు, మేనమామ వరసైనవాడు చూస్తాడు. ఈ తోటకు అలాంటి పెద్ద ఆస్నిమార్ అన్న జుస్రి. వంశానికి పెద్దరికం ఆయనదే కాబట్టి ఊరంతా ఆయన్ని ‘దతుక్’ అంటుంది. ఆస్నిమార్ మాత్రం ‘అజో’ అంటుంది, అన్న కనుక.

ఉడుతలు ఎక్కువైతే ఆదివారం నాడు తుపాకులున్నవాళ్ళందరూ ఒకరి తోటలో చేరడం, తోటవాళ్ళు అరిటాకుల్లో అన్నం కట్టి పెట్టడం, సాయంత్రం తోకలు లెక్కపెట్టడం మాకు మామూలే. ఆ ఆదివారం పన్నెండు తుపాకులు వచ్చాయి. పన్నెండింటిలోనూ ఒకటే రకం పెల్లెట్లు. యుల్‌హెంద్రి పట్నం నుంచి తెచ్చాడు. తళతళలాడే డబ్బా, లోపల సూదిలాంటి మొన, బరువైన ఒళ్ళు.

“చూశారా, మేకు! దీనికి అడ్డమేముంది?” అన్నాడు. మొన చూసి అందరూ మురిసిపోయారు. అంత బరువైనదాన్ని తొయ్యాలి కదా అని గాలి నింపడానికి మామూలుగా ఎనిమిది పంపులు కొట్టేవాళ్ళు పద్నాలుగు కొట్టారు. ఎవడు ఎక్కువ కొడితే వాడు మొనగాడన్నట్టు లెక్క పైకి అరిచారు కూడా. నేనూ కొట్టాను, దాచుకోవడమెందుకు?

సాయంత్రానికి తొమ్మిది తోకలు. తుపాకులేమో పన్నెండు. తగిలీ తగలక పారిపోయినవి ఎన్నో లెక్క లేదు. మట్టల మధ్య దూరి అక్కడే చచ్చిన ఉడుతల కంపు మూడు రోజులు వచ్చింది. ఒక పెల్లెట్ ఉడుతను దూసుకుని పోయి సురావు రేకుల మీద ఠంగున పడింది. లోపల ఖురాను చదువుకుంటున్న పెద్దాయన అద్దాలు తీసి పైకి చూశారు, మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన తిట్టి ఉంటే మాకు కాస్త తేలికగా ఉండేది.

శుక్రవారం నమాజు అయ్యాక దతుక్ సురావు మెట్ల మీద నిలబడి చెప్పాడు.

“ఇక తుపాకులతో కాదు. అరటిపళ్ళలో ఎలకల మందు పెట్టి చెట్టుకి రెండేసి కట్టిద్దాం. మందు తెప్పించేశాను. సోమవారం కట్టేస్తాం.”

వెనక వరసలో ఉన్న మర్తియాస్ ఒక్కడే లేచాడు. అరవై దాటినవాడు, భార్య పోయింది. ఆయనకున్నదల్లా కొబ్బరికాయలు దింపే కోతి ఒకటి. దాని పేరు బుంగ్సు. దతుక్ వాళ్ళ తోటతో కలిపి మూడు తోటల్లో బుంగ్సు ఎక్కి, కాయ తిప్పి తిప్పి తెంపితే, మర్తియాస్ కింద పోగుపెడతాడు. ఇద్దరూ ఒకే పళ్ళెంలో తింటారని ఊళ్ళో నవ్వుకుంటారు కానీ, అందులో అబద్ధం లేదు.

“దతుక్,” అన్నాడు మర్తియాస్, “నా బుంగ్సు చెట్టెక్కితే కనబడిందల్లా నోట్లో పెట్టుకుంటుందయ్యా. అరటిపండు కనబడితే ఆగుతుందా?”

“మూతికి జాలీ కట్టు.”

“దింపే కోతి పళ్ళతో కూడా కొరుకుతుంది కదయ్యా, తొడిమ గట్టిగా ఉంటే. జాలీ కడితే పని ఎట్టా చేస్తుంది?”

“మరి తోట ఎండిపోనివ్వనా, మర్తియాస్? ఒక్క కోతి కోసం?”

దతుక్ చెడ్డవాడు కాదు. ఆ తోట మీద ఆధారపడ్డ మేనకోడళ్ళు, వాళ్ళ పిల్లలు ఆయన కళ్ళ ముందున్నారు. మర్తియాస్ నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు. కూర్చోమని నేను చెయ్యి పట్టుకున్నా కూర్చోలేదు.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఆస్నిమార్ గొంతు వినబడింది.

“అజో, ఒక్క మాట. మందు పెట్టండి, వద్దనను. కానీ ముందు ఒక్క ఆదివారం నాకివ్వండి.”

“నీకా? నువ్వేం చేస్తావు?”

“పెల్లెట్లు ఏరి ఇస్తాను.”

మగవాళ్ళలో నవ్వులు. యుల్‌హెంద్రి గొంతు పైకి లేచింది. “మేకుల్లాంటివి వేస్తేనే చావనివి, ఉనీ ఏరిస్తే వరస కట్టి వచ్చి పడతాయేమో!”

“మేకులు గోడక్కొట్టుకో తమ్ముడూ,” అంది ఆవిడ. “అజో, పోయిన వారం ఉడుతలు తప్పించుకోలేదు. మీ పెల్లెట్లే వాటిని తప్పుకుని పోయాయి.”

దతుక్ కాసేపు గడ్డం నిమురుకున్నాడు. “సరే. ఈ ఆదివారం సాయంత్రం అసర్ నమాజు లోపు నలభై తోకలు. ఒక్కటి తగ్గినా సోమవారం మందు కడతాం. అప్పుడు మళ్ళీ నా దగ్గరికి రాకూడదు.”

తొమ్మిది ఎక్కడ, నలభై ఎక్కడ? మర్తియాస్ నా వైపు చూశాడు. నేను చాపలు చుట్టడంలో పడ్డాను.

శుక్రవారం మధ్యాహ్నం, శనివారం పగలంతా ఆవిడ కళ్ళంలో తుపాకుల చప్పుడే. ఒక్కొక్కణ్ణి పిలిచింది. మొదట వచ్చింది యుల్‌హెంద్రే. పోట్లాడదామని వచ్చాడు.

“నీ మేకులే ఐదు కాల్చు ముందు,” అంది.

కాల్చాడు. ఐదు చిల్లులూ అన్నం పళ్ళెమంత మేర పడ్డాయి. తర్వాత గుండ్రటి తల ఉన్నవి, మధ్యరకం బరువున్నవి, గాజు మీద దొర్లించి ఏరినవి ఇచ్చింది. “పంపు ఎనిమిదే. తొమ్మిది కొడితే తుపాకి లాక్కుంటా.” ఆ ఐదు చిల్లుల్నీ బొటనవేలితో మూసెయ్యొచ్చు. యుల్‌హెంద్రి కాగితం దగ్గరికెళ్ళి నిజంగానే వేలు పెట్టి చూశాడు.

“అదేంటునీ, మొన లేంది ఎట్టా దిగుతుంది?”

“దిగడం సంగతి తర్వాత. ముందు తగలాలి కదా.”

అంతటితో వదల్లేదు. బట్టల సబ్బు కడ్డీలు రెండు నిలబెట్టింది. ఒకదాని మీద మొనది, ఇంకోదాని మీద గుండ్రనిది కాల్పించింది. మొనది సబ్బును దూసుకుని వెనక మట్టి గోడలో దిగింది. సబ్బులో సూది గుచ్చినంత దారి మాత్రం మిగిలింది. గుండ్రనిది సబ్బులోనే ఆగింది. కోసి చూస్తే లోపల బొటనవేలు పట్టేంత గుంట.

“ఆ గుంట ఉడుత ఒంట్లో పడితే అది అక్కడికక్కడే పోతుంది, దానికి తెలిసేలోపే. నీ మేకు దూరి అవతలకి పోయిందనుకో, అది మూడు రోజులు మట్టల్లో ఏడుస్తుంది. అవతలకి పోయిన మేకు సురావు రేకు మీద పడుతుంది. రేపు మనిషి మీద పడదని చెప్పగలవా?”

సురావులో మా అందరికీ చిన్నప్పుడు గురువు చెప్పిన పాఠమే అది. చంపక తప్పనప్పుడు బాధ పెట్టకుండా చంపమని, కత్తికి పదును పెట్టుకోమని. మేము దాన్ని మేకలకే అనుకున్నాం. పెల్లెట్లకు కూడా వర్తిస్తుందని తోచినవాళ్ళు మాలో లేరు.

అందరికీ గుండ్రటివే కాదు. ఒకడి తుపాకి చదును తలవి తప్ప ఒప్పుకోలేదు. చదును తల దగ్గర్లో బాగా పనిచేస్తుంది, దూరమైతే గాలికి ఊగుతుంది. వాడికి పొట్టి చెట్ల వరస అప్పగించింది. నా తుపాకి పాతది, గొట్టం అరిగింది. దానికి పావడా కాస్త వెడల్పున్నవి వెతికి వెతికి ఏరింది. ఒక్కొక్కరికీ కాగితం పొట్లంలో ఇరవై పెల్లెట్లు కట్టి, పొట్లం మీద పేరు రాసి, పక్కనే పంపుల లెక్క రాసింది.

“ఇరవయ్యేనా? చాలవు, ఉనీ.”

“ఇరవై ఉన్నాయని తెలిస్తే చూసి కాలుస్తావు. రెండొందలు ఉంటే చూడవు.”

శనివారం పొద్దు వాలుతుండగా దతుక్ తన తుపాకితో వచ్చాడు. మా ఊళ్ళో అంత మంచి తుపాకి ఇంకొకటి లేదు. చెక్కకు చిత్రం చెక్కించి, నూనె రాసి, గుడ్డలో చుట్టి తెస్తాడు. ఆస్నిమార్ గుండ్రటివి పెట్టింది. చెల్లాచెదురు. చదునువి పెట్టింది. అంతే. తేలికవి, బరువువి, గుంట తలవి. తొమ్మిది రకాలు. ఒక్కటీ కుదరలేదు. వెలుతురు వైపు పెట్టి గొట్టం మూతి చూసింది, చిటికెన వేలు అంచు చుట్టూ తిప్పింది. ఎక్కడో లోపలి అంచు గీసుకుపోయింది. బయటికొచ్చే పెల్లెట్ పావడాను అది తన్నేస్తోంది. ఆ అంచును సరిచేసే పనిమంతుడు పరియామన్ పట్నంలో ఉన్నాడు కానీ ఆదివారం లోపు కాదు.

“ఏమైంది?” అన్నాడు దతుక్.

“రేపు పొద్దున చెప్తాను, అజో,” అంది. ఆ పూట ఆవిడ పొద్దు గూకాక మగ్రిబ్ నమాజుకి అందరికంటే ముందు వచ్చి, అందరికంటే ఆఖరున లేచింది.

ఆదివారం పొద్దున తోటలో అందరూ చేరాం. సాలా లౌక్, వేడి కాఫీ. చేప కలిపి వేయించిన ఆ ఉండలు చేతులు కాలుతున్నా తింటున్నాం. మర్తియాస్ కోతిని ఇంట్లో కట్టేసి ఒక్కడే వచ్చి, దూరంగా కొబ్బరి డొక్కల కుప్ప మీద కూర్చున్నాడు. ఆస్నిమార్ పొట్లాలు పంచింది. పదకొండు పొట్లాలు. దతుక్ చెయ్యి చాచాడు. ఆవిడ చేతిలో ఏమీ లేదు.

“నాది?”

అందరూ నమలడం ఆపేశారు.

“అజో, మీ తుపాకి ఇవాళ కాల్చకూడదు.” మెల్లగానే అంది. “మూతి గీసుకుపోయింది. తొమ్మిది రకాలు చూశాను, దేన్నీ తిన్నగా పంపడం లేదు. మీరు కాలిస్తే గాయాలతో పారిపోయేవే ఎక్కువ ఉంటాయి. తుపాకి మంచిదే, మీ చెయ్యీ మంచిదే. ఇవాళ్టికి మాత్రం వద్దు.”

వంశపు పెద్దకి, ఆయన తోటలో, పదకొండు మంది ముందు, ఆయన చెల్లెలు చెప్పిన మాట అది. పైగా మందు కట్టాలా వద్దా అని తేల్చాల్సినవాడూ ఆయనే. యుల్‌హెంద్రి కూడా తల దించుకుని కాఫీ గ్లాసులోకి చూస్తున్నాడు. అబద్ధం చెప్పి ఓ పొట్లం ఇచ్చేస్తే పోయేది కదా అని నేను అనుకున్నాను. దేవుడు నన్ను క్షమించాలి.

దతుక్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “మరి నన్నేం చెయ్యమంటావు? అన్నం పొట్లాలు కట్టమంటావా?”

“మీ కళ్ళు కావాలి, అజో. మట్ట గాలికి కదిలిందో ఉడుతకి కదిలిందో మీకు తెలిసినట్టు ఇక్కడ ఎవరికి తెలుసు? మీరు చూపించండి, వీళ్ళు కొడతారు.”

ఆయన తుపాకిని మళ్ళీ గుడ్డలో చుట్టాడు. నెమ్మదిగా, ఎక్కడా మడత పడకుండా చుట్టి చెల్లెలి చేతికిచ్చాడు. “తడి తగలనివ్వకు,” అన్నాడు. తర్వాత ఒక వెదురు కర్ర తీసుకుని మాకంటే ముందు నడిచాడు.

ఇంతకు ముందు వేటంటే కేకలు, పరుగులు, పంపుల లెక్కలు. ఆ రోజు తోటలో మాటే లేదు. దతుక్ కర్ర ఎత్తి చూపేవాడు. ఒకడు ఆగి, ఎనిమిదో తొమ్మిదో తన పొట్లం మీద రాసినన్ని పంపులు కొట్టి, బిస్మిల్లా అనుకుని, ఊపిరి బిగబట్టి ఒక్కటి కాల్చేవాడు. టప్పుమని కింద పడేది. మళ్ళీ నడక. మొదటి గంటలో ఏడు. యుల్‌హెంద్రి తన మొదటిదాన్ని తీసి చూశాడు. చెవి వెనకే తగిలింది. “పాపం, దీనికి తెలియను కూడా తెలీదు,” అన్నాడు మెల్లగా. వాడి నోట ఎగతాళి లేని మాట వినడం నాకు అదే మొదలు.

మధ్యాహ్నం జుహర్ నమాజు వేళకు ఇరవై మూడు. అన్నం తిని, నమాజు చేసి లేచేసరికి సముద్రం మీంచి గాలి మొదలైంది. మట్టలన్నీ ఊగుతుంటే ఉడుత ఏదో తెలీదు. గంటన్నరలో నాలుగే పడ్డాయి. మర్తియాస్ మా వెనకే తిరుగుతూ, పడినప్పుడల్లా తోక పట్టుకుని లేపి, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాడు. ఇరవై ఏడు దగ్గర ఆ వేళ్ళు ఆగిపోయాయి.

అప్పుడు దతుక్ కర్ర దించి, చెట్ల పైకి చూడ్డం మానేసి నేల చూడ్డం మొదలెట్టాడు. తాజాగా పడిన చిల్లు బొండాలు ఎక్కడ ఎక్కువున్నాయో చూసుకుంటూ వాగు గట్టు దాకా పోయాడు. అక్కడ పెద్ద పనస మీద మూడు గూళ్ళు. గాలికి కొబ్బరి చెట్లు వదిలి ఉడుతలన్నీ అక్కడ చేరాయి. “మాట్లాడకండి. తలా ఒక కొమ్మ పంచుకోండి,” అని ఎవరి కొమ్మ ఏదో చూపించాడు. పెళ్ళి విందులో వరసలు కూర్చోబెట్టినంత శ్రద్ధగా.

అసర్ నమాజుకి పిలుస్తూ బాంగు ఇవ్వడానికి నేను తుపాకి వదిలి సురావుకి పరిగెత్తాను. బాంగు ఇచ్చి తిరిగొచ్చేసరికి తోట మధ్యలో తోకలు పరుస్తున్నారు. యుల్‌హెంద్రి లెక్క పెడుతున్నాడు. “ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై!” అని గట్టిగా అరిచాడు. మర్తియాస్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

ఆస్నిమార్ వంగి ఒక తోక తీసింది. వేళ్ళ మధ్య నలిపింది. గరగరమంది.

“ఇది ఎండిపోయింది, తమ్ముడూ. పోయిన ఆదివారానిది.”

యుల్‌హెంద్రి మొహం ఎర్రబడింది. “ఉనీ... ముసలాయన కోసం...”

“తెలుసు. నీ మనసు మంచిది.” అని ఆ తోకను పక్కన పెట్టింది. “అజో, ముప్పై తొమ్మిది.”

ఆవిడ ఇంకేమీ బతిమాలలేదు. మర్తియాస్ మొహం మీది చేతులు తీసి, “సరే తల్లీ, నువ్వు చెయ్యగలిగింది చేశావు,” అన్నాడు అంతే.

దతుక్ అందరినీ పొట్లాలు విప్పమన్నాడు. మిగిలిన పెల్లెట్లు ఒకచోట పోయించాడు. పదకొండు మందికిచ్చినవి రెండొందల ఇరవై. నూట డెబ్బై మూడు మిగిలాయి. “అంటే నలభై ఏడు కాల్చారు,” అన్నాడు. “గాయంతో పారిపోయింది ఎవరైనా చూశారా? నేను పొద్దుట్నుంచీ ముందే ఉన్నాను, నేను చూడలేదు.”

ఎవరూ చూడలేదు. గురి తప్పిన ఎనిమిదీ ఉత్త గాలిలోకే పోయాయి.

ఆయన మాట్లాడేటప్పుడు చెల్లెలి వైపు చూడలేదు. మా వైపు చూసి చెప్పాడు.

“నలభై అన్నది నేను. పన్నెండు తుపాకులు లెక్కేసుకుని అన్నాను. పన్నెండోది నాది. దాన్ని బాగా చూసుకోక పాడుచేసుకున్నది నేను. ఆ ఒక్క తోకా నేను బాకీ. ఈవిడ బాకీ కాదు. నా తప్పుకి మర్తియాస్ కోతి ఎందుకు చావాలి?” కాస్త ఆగాడు. “ఆ మందు రేపు కొట్టువాడికి తిరిగిచ్చేస్తాను. ఈ తోటలోకి మందు రాదు. నేనున్నంత కాలం రాదు. ఇకమీదట ఇక్కడ వేటంటే ముందు రోజు తుపాకి ఆస్నిమార్ కళ్ళంలోకి వెళ్ళాలి. ముందు నాది.”

ముందుగా తేరుకున్నది యుల్‌హెంద్రే. “దతుక్, మీకు ఎన్ని పంపులు రాస్తుందో ఉనీ? నాకు తొమ్మిదో పంపు కొడితే తుపాకి లాక్కుంటానంది.”

“నీకంటే ఒకటి తక్కువే రాస్తుంది. నేను పెద్దవాణ్ణి,” అన్నాడు దతుక్. అప్పుడు అందరూ నవ్వారు.

మర్తియాస్ లేచి వచ్చి ఆస్నిమార్ ముందు నిలబడ్డాడు. ఆవిడే అంది. “మామా, కళ్ళు తుడుచుకోండి. ఇంటి దగ్గర బుంగ్సు పొద్దుట్నుంచీ ఒక్కటే ఉంది, ఆకలేస్తూ ఉంటుంది.” ఆకులో మిగిలిన అన్నం పొట్లం ఒకటి ఆయన చేతిలో పెట్టింది.

అప్పటికి అసర్ వేళ సగం దాటింది. ఉడుతల్ని గట్టు పక్కన గొయ్యి తీసి పూడ్చి, వాగులో చేతులు కాళ్ళు కడుక్కుని అక్కడే గడ్డి మీద వరస కట్టాం. దతుక్ ముందు నిలబడ్డాడు. మా వెనక ఆస్నిమార్ ఒక్కతే ఒక వరస. చిన్నవాళ్ళే ముందు సలాం చెప్పడం మా దగ్గర పద్ధతి. వయసులో పెద్దవాణ్ణే అయినా, నమాజు పూర్తయ్యాక నేనే వెనక్కి తిరిగి ముందుగా ఆవిడకి సలాం చెప్పాను.